సగం కేకు ఎందుకు మాడింది?

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఒక సోమవారం ఉదయం నా బల్ల మీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి అట్ట ఊడిన పాత వంటల పుస్తకం. రెండోది కాగితంలో చుట్టిన నల్లని ముక్క.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

"కేకు సార్!" అంది. తరగతి అంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

వాళ్ళది ధూల్‌పేట. హైదరాబాదు పాతబస్తీలో వినాయక విగ్రహాలకూ గాలిపటాలకూ పేరుపడ్డ పేట అది. వాళ్ళ నాన్న విగ్రహాలు చేస్తారు. అమ్మ గాలిపటాలు అంటిస్తుంది. గురువారం తమ్ముడి పుట్టినరోజు. ఈసారి కేకు తానే చేసి పెట్టాలని అక్క ముచ్చట. అబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల్లో ఈ వంటల పుస్తకం దొరికింది. అమ్మ గాలిపటాల కూలిలోంచి 150 గ్రాముల వెన్న కొనిచ్చింది. ముందుగా ఒకసారి చేసి చూసుకుందామని ఆదివారం సాయంత్రం పొయ్యి వెలిగించింది. 100 గ్రాముల వెన్న, రెండు గుడ్లు ఆ నల్లని ముక్కలో కలిసిపోయాయి. ఇక మిగిలింది 50 గ్రాముల వెన్న, ఒకే ఒక్క గుడ్డు.

"పుస్తకంలో ఉన్నట్టే చేశాను సార్. మాకు అంత పెద్దది వద్దని అన్నీ సగం వేశాను. పుస్తకం తప్పా, నా లెక్క తప్పా? ఇంకోసారి మాడితే మళ్ళీ కొనమని అమ్మను అడగలేను."

మంచి ప్రశ్న! ఆ రోజు పాఠం పక్కన పెట్టి, అందరం ఆ ప్రశ్న ముందు కూర్చున్నాం.

పుస్తకం ఏమంది? ఆమె ఏం చేసింది?

పుస్తకంలోని కొలతలు చాలా సులువైనవి. గుడ్లు నాలుగు. వెన్న, పంచదార, మైదా ఒక్కొక్కటి 200 గ్రాములు. బేకింగ్ పౌడర్ ఒక చెంచా. 8 అంగుళాల, అంటే సుమారు 20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రని డబ్బాలో పోసి, 350 డిగ్రీల వేడిలో 40 నిమిషాలు ఉంచాలి.

మన అమ్మాయి రెండు గుడ్లు, మిగిలినవి 100 గ్రాముల చొప్పున, బేకింగ్ పౌడర్ అర చెంచా తీసుకుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే డబ్బా మాత్రం పుస్తకంలో చెప్పిన 20 సెంటీమీటర్లదే వాడింది. కాలం కూడా పుస్తకంలో చెప్పిన 40 నిమిషాలే.

"ఎంతసేపు ఉంచవలసింది?" అని తరగతిని అడిగాను. "పదార్థం సగం కాబట్టి 20 నిమిషాలు!" అని దాదాపు అందరూ ఒకే గొంతుతో అన్నారు. మీరూ అదే అనుకుంటున్నారా? కొంచెం ఆగండి. ఏ డబ్బాలో పోశామో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

డబ్బాను సగం చేయడం ఎలా?

20 సెంటీమీటర్ల డబ్బా అడుగు వైశాల్యం ఎంత? వ్యాసార్ధం 10 కనుక, 3.14 × 10 × 10 = 314 చదరపు సెంటీమీటర్లు. నాలుగు గుడ్ల కేకుకు కలిపిన పిండి మొత్తం సుమారు 800 గ్రాములు. అది ఆ డబ్బాలో దాదాపు రెండున్నర సెంటీమీటర్ల మందాన నిలుస్తుంది. అదే డబ్బాలో 400 గ్రాములు పోస్తే మందం సగానికి పడిపోతుంది. కేకు కావలసినది కాస్తా చపాతీకి పెద్దన్నలా తయారవుతుంది.

మందం మారకుండా ఉండాలంటే వైశాల్యం సగం కావాలి. 314లో సగం 157. ఒక విద్యార్థి లేచి, "అయితే 10 సెంటీమీటర్ల డబ్బా సార్" అన్నాడు. లెక్క చూద్దాం. 10 సెంటీమీటర్ల డబ్బాకు వ్యాసార్ధం 5. కాబట్టి 3.14 × 5 × 5 = 78.5 చదరపు సెంటీమీటర్లు. ఇది 314లో సగం కాదు, నాలుగో వంతు! అడ్డుకొలత సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుందన్నమాట. వైశాల్యం సగం కావాలంటే అడ్డుకొలత సుమారు 14 సెంటీమీటర్లు ఉండాలి.

కాబట్టి నాలుగు గుడ్లకు 20, రెండు గుడ్లకు 14, ఒక గుడ్డుకు 10 సెంటీమీటర్లు. ఈ మూడు డబ్బాల్లోనూ పిండి ఒకే మందాన ఉంటుంది. మన అమ్మాయి దగ్గర మిగిలింది ఒక గుడ్డే కదా! 10 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న స్టీలు డబ్బా ఎవరి వంటింట్లో లేదు?

మందానిదే పెత్తనం

ఇప్పుడు కాలం సంగతి చూద్దాం. వేడి కేకు పైభాగం నుంచీ అడుగు నుంచీ మధ్యభాగానికి ఉష్ణవహనం ద్వారా చేరాలి. అది ఎంత దూరం ప్రయాణించాలన్నది మందం మీద ఆధారపడుతుంది గాని, బరువు మీద కాదు.

ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి, "మా విగ్రహాలూ అంతే సార్" అంది. తరగతికి ఆమే వివరించింది. మట్టి పలుచగా పూసిన చోట త్వరగా ఎండుతుంది. మందంగా ఉన్న చోట రెట్టింపు రోజులు పడుతుందనుకుంటే పొరపాటే, అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. పైన ఎండి లోపల పచ్చిగా ఉంటే బీటలు తీస్తుంది. అందుకే పెద్ద మట్టి విగ్రహానికి లోపల గడ్డి కట్టి, దాని మీద మట్టిని పలుచని పొరలుగా మెత్తుతారు.

ధూల్‌పేట పనివారు చేతులతో తెలుసుకున్న ఈ విషయానికి ఒక గణిత సూత్రం ఉంది. ఘనపదార్థాల్లో వేడి ఎలా వ్యాపిస్తుందో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ఫోరియర్ 1822లో ప్రచురించిన గ్రంథంలో లెక్కకట్టి చూపాడు. ఆ లెక్క ప్రకారం మందం రెట్టింపైతే, వేడి మధ్యకు చేరడానికి పట్టే కాలం సుమారు నాలుగు రెట్లవుతుంది. మందం సగమైతే కాలం సుమారు నాలుగో వంతవుతుంది. మట్టిలోని తేమ బయటికి రావడం కూడా దాదాపు ఇదే పద్ధతిలో సాగుతుంది.

వంటింట్లో ఈ లెక్క అచ్చంగా కుదరదు. డబ్బా వేడెక్కాలి, నీరు ఆవిరి కావాలి, వీటికి వేరే కాలం పడుతుంది. అయినా దారి మాత్రం తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల డబ్బాలో పలుచగా పరచిన సగం పిండికి 40 నిమిషాలు మరీ ఎక్కువ. అదే సగం పిండిని 14 సెంటీమీటర్ల డబ్బాలో పోస్తే, పూర్తి కేకుకు పట్టినంత కాలం కాకపోయినా దానికి దగ్గరగానే పడుతుంది. పలుచని ఉస్మానియా బిస్కెట్టు నిమిషాల్లో కాలుతుంది, మందపాటి డబల్‌రొట్టెకు అంతకంటే చాలాసేపు పడుతుంది. కారణం ఇదే.

చిన్న డబ్బాకు కాలం కొంచెం తగ్గడానికి మరో కారణం ఉంది. చిన్న కేకులో పిండితో పోలిస్తే పైతలం ఎక్కువ. పై, కింది, పక్క తలాలు మూడింటినీ కలిపి చూస్తే, ఒక్కొక్క ఘన సెంటీమీటరు పిండికి 20 సెంటీమీటర్ల డబ్బాలో 0.97 చదరపు సెంటీమీటర్ల తలం వస్తుంది. 10 సెంటీమీటర్ల డబ్బాలో 1.17 వస్తుంది. పిండి మందం 2.6 సెంటీమీటర్లని అనుకుని మీరే లెక్క చేసి చూడండి.

గిన్నెలో ఏం జరుగుతుంది?

వెన్ననూ పంచదారనూ కలిపి బాగా గిలకొట్టమని పుస్తకాలు ఎందుకు చెబుతాయి? పంచదార పలుకుల అంచుల వెంట గాలి వెన్నలోకి చేరి, కంటికి కనిపించని బుడగలుగా నిలుస్తుంది. కేకులోని గుల్లదనానికి ఈ బుడగలే పునాది. బేకింగ్ పౌడరు నుంచి పుట్టే కార్బన్ డై ఆక్సైడు, పిండిలోని నీటి ఆవిరి ఈ బుడగల్లోకే చేరి వాటిని ఉబ్బిస్తాయి.

బేకింగ్ పౌడర్ అంటే వంటసోడా, ఒక ఆమ్ల లవణం, తేమ తగలకుండా కొంచెం పిండిపదార్థం కలిపిన పొడి. ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆంగ్లేయుడి భార్యకు ఈస్ట్‌తో చేసిన రొట్టె పడేది కాదు. ఆమె కోసం ఆయన 1843లో ఇలాంటి పొడి తయారు చేశాడు.

మైదాను చివర వేసి తేలికగా కలపాలి. మైదాలోని మాంసకృత్తులు నీటితో కలిసి గ్లూటెన్ అనే సాగే జాలాన్ని ఏర్పరుస్తాయి. పరోటాకు ఆ సాగుడు కావాలి. కేకును మాత్రం అది గట్టిబరుస్తుంది.

పొయ్యి ఎక్కిన తరువాత మొదట వెన్న కరుగుతుంది. 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక మైదాలోని పిండిపదార్థం నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. 60 నుంచి 80 డిగ్రీల మధ్య గుడ్డులోని మాంసకృత్తులు గడ్డకడతాయి. బుడగల గోడలు గట్టిపడి కేకు నిలబడేది ఇప్పుడే. అంతకుముందే గంజు మూత తీసి చూస్తే చల్లగాలి తగిలి బుడగలు కుంచించుకుపోతాయి. కేకు నడుమ గుంట పడుతుంది. తొందరపాటుకు శిక్ష అన్నమాట!

నీరు మిగిలి ఉన్నంతసేపు కేకు లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. కాని పైతలం ఎండిపోయి 140 డిగ్రీలు దాటితే అక్కడ మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి గోధుమరంగు పదార్థాలనూ కమ్మని వాసననూ పుట్టిస్తాయి. ఈ చర్యను ఫ్రాన్సుకు చెందిన లూయీ కామీ మెయ్యార్ 1912లో వివరించాడు. ఇడ్లీ ఎంతసేపు ఉడికించినా ఎర్రబడదు, ఎందుకో ఇప్పుడు చెప్పగలరా? ఆవిరి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది గనుక. అదే పిండిని పెనం మీద అట్టుగా పోస్తే ఎర్రగా కాలుతుంది.

చిటికెడు చేసే అల్లరి

చిన్న కేకులో ఇంకో చిక్కుంది. ఒక చెంచా బేకింగ్ పౌడర్ సుమారు 4 గ్రాములు. ఒక గుడ్డు కేకుకు కావలసింది పావు చెంచా, అంటే ఒక గ్రాము. పొరపాటున ఒక చిటికెడు, సుమారు 0.3 గ్రాములు ఎక్కువ పడిందనుకుందాం. పెద్ద కేకులో ఆ తప్పు 7.5 శాతం. చిన్న కేకులో 30 శాతం! తప్పు అదే, ఫలితం వేరు. కొలిచే వస్తువు చిన్నదయ్యే కొద్దీ అంతే తప్పు పెద్దదవుతుందని భౌతికశాస్త్ర ప్రయోగాల్లో మీకు చెప్పే మాట ఇదే.

ఆ కొంచెంతో ఏమవుతుందంటారా? ఒక గ్రాము వంటసోడా ఆమ్లంతో పూర్తిగా చర్య జరిపితే గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 290 మిల్లీలీటర్ల కార్బన్ డై ఆక్సైడు వెలువడుతుంది. ఒక పెద్ద గ్లాసెడు! వేడికి అది ఇంకా వ్యాకోచిస్తుంది. వాయువు ఎక్కువైతే బుడగలు ఒకదానిలో ఒకటి కలిసి, గోడలు గట్టిపడకముందే పగిలి, పొంగిన కేకు కూలిపోతుంది.

అందుకే చెంచాను నిండుగా తీసి, పైభాగాన్ని కత్తి అంచుతో చదును చేయాలి. ఆ తరువాత దాన్ని కాగితం మీద పోసి నాలుగు సమభాగాలు చేసి ఒక భాగం తీసుకోవాలి.

మిగిలిన వాటికి తూకపు రాళ్ళు కూడా అక్కరలేదు. బడిలోని సామాన్య త్రాసు చాలు. ఒక పళ్ళెంలో గిన్నెలో పగలగొట్టిన గుడ్డు, రెండో పళ్ళెంలో అంతే బరువున్న గిన్నె. రెండో గిన్నెలో త్రాసు సమంగా నిలిచేదాకా మైదా వేయాలి. అలాగే పంచదార, అలాగే వెన్న. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు తూగుతుంది. నాలుగు వస్తువులూ సమాన బరువులో వేసే ఈ పద్ధతి ఇంగ్లండులో 18వ శతాబ్దం నుంచీ ఉంది. ఒక్కొక్కటి ఒక పౌను, అంటే 454 గ్రాములు వేసేవారు గనుక దానికి పౌండ్ కేకు అని పేరు వచ్చింది.

గంజే ఓవెన్

"మంట ఎంత పెట్టావు?" అని అడిగాను. "350 డిగ్రీలంటే చాలా ఎక్కువ కదా సార్! పెద్ద మంటే పెట్టాను" అంది.

రెండో దొంగ దొరికాడు! పుస్తకం పాతది. అందులోని 350 ఫారన్‌హీట్ డిగ్రీలు. వాటిలోంచి 32 తీసివేసి, 5తో గుణించి 9తో భాగిస్తే సుమారు 177 డిగ్రీల సెంటీగ్రేడు అవుతుంది. అంకె చూసి ఊరుకోరాదు, ప్రమాణం ఏమిటో చూడాలి.

ఆమె ఓవెన్ ఒక మందపాటి అల్యూమినియం గంజు. అడుగున రెండు సెంటీమీటర్ల మందాన ఉప్పు, దాని మీద చిన్న ముక్కాలి పీట, పైన మూత. ఉప్పు మంట వేడిని ఒకేచోట తగలనీయకుండా మెల్లగా, సమంగా అందిస్తుంది. నీరు పోయరాదు, పోస్తే అది ఇడ్లీ పాత్ర అవుతుంది. ప్రెషర్ కుక్కరును మాత్రం ఇందుకు వాడకండి. నీరు లేకుండా దాన్ని కాల్చడం దాని తయారీకి తగినది కాదు.

177 డిగ్రీలని తెలుసుకోవడం ఎలా? థర్మామీటరు లేదు. పంచదార ఉంది! పంచదార సుమారు 185 డిగ్రీల వద్ద కరుగుతుంది. మంగళవారం సాయంత్రం ఆమె ఖాళీ గంజును పది నిమిషాలు కాచి, లోపల చిన్న గిన్నెలో అర చెంచా పంచదార ఉంచింది. ఆదివారం పెట్టినంత మంట మీద పది నిమిషాలు కాకుండానే అది నల్లబడింది. మంట బాగా తగ్గించి, కొత్త పంచదారతో మళ్ళీ చూసింది. పావుగంట గడిచినా పలుకులు కరగలేదు, అంచులు మాత్రం కొంచెం పసుపుపచ్చగా మారాయి. ఆ మంటనే గుర్తు పెట్టుకుంది. వెన్న గాని గుడ్డు గాని ఖర్చు కాలేదు. పోయింది ఒక చెంచా పంచదార.

ఒక లోటు మిగిలింది. గంజులో వేడి కింది నుంచే ఎక్కువగా వస్తుంది కాబట్టి కేకు పైభాగం తెల్లగా ఉండిపోతుంది. దీనికి మందు పాతబస్తీలోనే ఉంది. దమ్ వంటలో మూత మీద కూడా నిప్పులు పరుస్తారు. వేడెక్కిన మూత నుంచి ఉష్ణవికిరణం ద్వారా వేడి కిందికి దిగుతుంది. కింద మంట, పైన మంట, నడుమ మూసిన గది. ఓవెన్ అంటే అంతే కదా! అయితే బొగ్గుల నిప్పును మూసిన గదిలో ఎప్పుడూ పెట్టరాదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. అది ప్రాణాలు తీస్తుంది. నిప్పుల పని ఆరుబయట, పెద్దవాళ్ళ చేతుల మీదుగా జరగాలి.

గురువారం

ఆ సాయంత్రం వాకిట్లో పొయ్యి పెట్టి, వాళ్ళ అమ్మ పక్కన నిలబడగా అమ్మాయి కేకు చేసింది. 10 సెంటీమీటర్ల స్టీలు డబ్బాకు వెన్న రాసి, మైదా చల్లి, పిండి పోసింది. 25 నిమిషాల దాకా మూత ముట్టలేదు. అప్పుడు శుభ్రమైన పుల్ల గుచ్చి చూస్తే తడి పిండి అంటింది. 30 నిమిషాలకు రెండు మూడు పలుకులు అంటాయి. 33 నిమిషాలకు పుల్ల పొడిగా వచ్చింది. చివరి ఎనిమిది నిమిషాలు అమ్మ మూత మీద నాలుగు నిప్పులు పెట్టింది.

మరునాడు నోటుపుస్తకం తెచ్చి చూపించింది. మందం, మంట, నిమిషాలు అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. చివర, "అడుగు కొంచెం ఎక్కువ ఎర్రబడింది. వచ్చేసారి ఉప్పు ఇంకొంచెం మందంగా వేయాలి" అని ఉంది.

"తమ్ముడేమన్నాడు?" అని అడిగాను.

"ఇంత చిన్నదా అన్నాడు సార్. ఐదుగురం తలా ఒక ముక్క తిన్నాం. నా ముక్కలో సగం కూడా వాడే తిన్నాడు."

పుస్తకం తప్పా, లెక్క తప్పా అన్న ప్రశ్నకు ఆమే జవాబు రాసుకుంది. పుస్తకంలోని కొలతలు ఆ పుస్తకం చెప్పిన డబ్బాకూ, ఆ వేడికీ సరిపోయేవి. ఆమె పదార్థాలను సగం చేసింది గాని డబ్బాను చేయలేదు. డిగ్రీలను చదివింది గాని ఏ డిగ్రీలో చూడలేదు.

మీరూ చేసి చూడండి

1. ఒకే బంగాళాదుంపల నుంచి 1 సెంటీమీటరు, 2 సెంటీమీటర్ల ఘనాకారపు ముక్కలు కోసి, మరుగుతున్న నీటిలో ఒకేసారి వేయండి. పెద్దవాళ్ళ సాయంతో రెండు నిమిషాలకొకసారి ఒక్కొక్క ముక్క తీసి పుల్ల గుచ్చి చూడండి. మధ్యభాగం మెత్తబడడానికి రెండింటికీ ఎంతెంత కాలం పట్టింది?

2. సీసాలో కొంచెం నిమ్మరసం పోయండి. మూతికి తొడగబోయే బెలూనులో పావు చెంచా వంటసోడా వేసి, తొడిగి, ఎత్తి వంచండి. సోడా రెట్టింపు చేస్తే బెలూను రెట్టింపు ఉబ్బిందా? ఉబ్బకపోతే కారణమేమిటి?

3. 20 సెంటీమీటర్ల గుండ్రని డబ్బాకు బదులు మీ ఇంట్లో చదరపు డబ్బా మాత్రమే ఉంది. అదే పిండి అదే మందాన నిలవాలంటే దాని భుజం ఎంత ఉండాలి?

4. మూడు గుడ్ల కేకుకు ఎంత అడ్డుకొలత ఉన్న డబ్బా కావాలి?